బతకాలని లేదన్న మనిషికి సువార్త ఎలా చెప్పాలి?

సిస్టర్, వందనాలు.

మీరు రాసింది రెండుసార్లు చదివాను. మీతో పనిచేసే ఒకావిడ, మీకన్నా వయసులో పెద్దావిడ. భర్త వదిలేసి వెళ్ళిపోయాడు, అప్పులు ఆమె మెడకు చుట్టుకున్నాయి. మొన్న భోజనాల దగ్గర "నాకిక బతకాలని లేదు" అని ఒక్క మాట అని లేచి వెళ్ళిపోయింది. అప్పటినుంచి మీరు రోజూ పొద్దున్నే ఒక వాక్యం వాట్సాప్‌లో పంపుతున్నారు. చదివినట్టు నీలం టిక్కులు పడుతున్నాయి, జవాబు మాత్రం రావడం లేదు. మీరు అడిగినవి రెండు. సువార్త చెప్పేలోపే ఆమెకేమైనా అయితే దేవుడు మిమ్మల్ని లెక్క అడుగుతాడా? ఇంత కష్టంలో ఉన్న మనిషికి యేసు గురించి చెప్పడం ఆమె బలహీనతను వాడుకోవడం అవుతుందా?

రెండో ప్రశ్న మీకు తట్టినందుకు నాకు ధైర్యంగా ఉంది. ఆ సందేహమే రానివాళ్ళు ఈ పనిలో దిగితే ఎక్కువ గాయాలు చేస్తారు. ఏళ్ళ తరబడి ఆస్పత్రి వార్డుల్లో, చావు ఇళ్ళలో కూర్చుంటూ వచ్చినవాణ్ణి, ఆ గాయాలు చాలా చూశాను.

అయితే ఆ రెండింటికన్నా ముందు తేల్చాల్సింది ఒకటుంది. "బతకాలని లేదు" అన్న మాటను ప్రార్థన మనవిగా రాసుకుని ఊరుకోకండి. ఈ రోజే, మీరిద్దరే ఉన్న చోట చూసుకుని, సూటిగా అడగండి: "అక్కా, ఆ రోజు ఒక మాట అన్నావు. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తోందా?" ఇలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది భయపడతారు. అది అపోహ అని ఆత్మహత్యల నివారణలో పనిచేసేవాళ్ళందరూ చెబుతారు. అడిగిన మనిషి దొరికిందన్న ఊరటే ఎక్కువ ఉంటుంది. వస్తోందంటే ఇంకో రెండు అడగండి: ఎలా అనుకుంటున్నావు, దానికోసం ఏమైనా దగ్గర పెట్టుకున్నావా? ఉందంటే ఆమెను ఒంటరిగా వదలొద్దు. ఆ వస్తువు ఆమె చేతికి అందకుండా చూడండి, ఆమె నమ్మే ఇంటి మనిషికి చెప్పండి, డాక్టరు దగ్గరకు మీరే వెంటబెట్టుకుని వెళ్ళండి, మీ దేశంలో ఉన్న హెల్ప్‌లైన్‌కు ఆమె పక్కనే కూర్చుని ఫోన్ కలపండి. "ఎవరికీ చెప్పనని ఒట్టెయ్యి" అంటుంది. ఆ ఒట్టు వేయకండి.

"ఇదంతా డాక్టర్ల పని, మన పని ఆత్మలది" అనే పెద్దలు మన సంఘాల్లో ఉన్నారు. వాళ్ళకు నేను చూపించేది అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయం. రక్షణ గురించి మనం ఎక్కువసార్లు ఎత్తి చెప్పే వాక్యం ఉన్నది అక్కడే: "ప్రభువైన యేసునందు విశ్వాసముంచుము, అప్పుడు నీవును నీ యింటివారును రక్షణ పొందుదురు." 31వ వచనం. గోడల మీద రాసుకుంటాం, పిల్లల చేత బట్టీ పట్టిస్తాం. దానికి మూడు వచనాల ముందు ఏముందో ఎవరినైనా అడిగి చూడండి, తడుముకుంటారు.

ఫిలిప్పీ పట్టణంలో అపొస్తలుడైన పౌలును, అతని తోటి పనివాడు సీలను బట్టలు లాగేసి బెత్తాలతో కొట్టారు. లోపలి చెరసాలలో వేసి కాళ్ళకు బొండ (కదలకుండా పట్టి ఉంచే చెక్క) బిగించారు. మధ్యరాత్రి భూకంపం వచ్చింది, తలుపులన్నీ తెరుచుకున్నాయి, అందరి బంధకాలూ ఊడిపోయాయి. నిద్ర లేచిన చెరసాల నాయకుడు తెరిచిన తలుపులు చూసి ఖైదీలు పారిపోయారనుకున్నాడు, కత్తి దూశాడు. ఖైదీ తప్పించుకుంటే కాపలావాడి గతి ఏమిటో అదే పుస్తకం 12వ అధ్యాయంలో ఉంది: పేతురు తప్పించుకున్నాక హేరోదు కావలివాళ్ళను చంపమన్నాడు. ఇతను ఆ గతి రాకముందే తన పని తానే ముగించుకోబోయాడు. అప్పుడు పౌలు పెద్దగా అరిచిన మాట ఇది: "నీవు ఏ హానియు చేసికొనవద్దు, మేమందరము ఇక్కడనే యున్నాము."

మారుమనస్సు పొందమనలేదు, సమయం మించిపోతోందనలేదు. ముందు కత్తి దింపించాడు. దింపించింది కూడా ఓదార్పు మాటతో కాదు, ఒక వాస్తవంతో. ఆ మనిషి చావాలనుకున్న కారణం ఒక్కటే, ఖైదీలు పోయారని. పోలేదని చెప్పాడు. ఆ తర్వాతే చెరసాల నాయకుడు దీపం తెమ్మన్నాడు, వణుకుతూ లోపలికి వచ్చాడు, "అయ్యలారా, రక్షణ పొందుటకు నేనేమి చేయవలెను" అని అడిగాడు. ప్రశ్న వచ్చింది అతని నోటి నుంచి. జవాబు ఒక్క వాక్యం. అతనికీ ఇంటివాళ్ళకూ వాక్యం వివరించి చెప్పడం ఆ తర్వాత. ఇంకో చిన్న సంగతి కూడా చూడండి. బాప్తిస్మం పొందకముందే అతను పౌలు, సీలల దెబ్బలు కడిగాడు. అంటే తన ప్రాణం పోకుండా అరిచిన మనిషి వీపు ఇంకా పచ్చిగానే ఉంది. మీరు ఎవరినైనా ఆదుకోవడానికి మీ జీవితం చక్కబడే దాకా ఆగనక్కర్లేదు.

దీన్నిబట్టి మీరు చేయాల్సిన పని ఒకటి కనిపిస్తోంది. ఆమెను చావు వైపు నెడుతున్నది సరిగ్గా ఏమిటో తెలుసుకోండి. మీరు "అప్పులు" అని ఒక్క మాటలో రాసేశారు. ఒక సాయంత్రం కూర్చుని, కాగితం మీద, ఎవరికి ఎంత, వడ్డీ ఎంత, ఎవరు ఫోన్ చేసి బెదిరిస్తున్నారు, ఏ అప్పు ఆమె సంతకంతో తీసుకున్నది, ఏది భర్త ఒక్కడే తీసుకున్నది, వరుసగా రాయండి. తలలో తిరుగుతున్నప్పుడు కొండంత కనిపించేది కాగితం మీద పెడితే ఎంతో కొంత అంచు దొరుకుతుంది. వాటిలో ఆమె కట్టాల్సిన బాధ్యతే లేనివి కూడా ఉండొచ్చు. చట్టం తెలిసిన మనిషిని ఒకరిని అడిగి తేల్చుకోండి. "మేమందరము ఇక్కడనే యున్నాము" అన్న పని ఇదే. దీన్ని సువార్తకు ముందుమాట అనుకోకండి. అందులో భాగమే.

ఏలీయా సంగతి మీకు తెలిసిందే కాబట్టి పొడిగించను. బదరీ చెట్టు కింద కూర్చుని "ఇంతమట్టుకు చాలును, నా ప్రాణము తీసికొనుము" అన్న ప్రవక్తకు దేవుడు పంపినవి రొట్టె, నీళ్ళు, నిద్ర, మళ్ళీ రొట్టె, నీళ్ళు. "ఇచ్చట నీవేమి చేయుచున్నావు" అన్న ప్రశ్న హోరేబు చేరాకే వచ్చింది. ఆమె తింటోందా, నిద్రపోతోందా కనుక్కోండి. డాక్టరు మందులు రాస్తే వేసుకోమనండి. మందు వేసుకుంటే విశ్వాసం తక్కువైనట్టని ఎవరైనా మీ సంఘంలో అంటే, వాళ్ళను ఆమె దగ్గరకు తీసుకెళ్ళకండి.

ఇక వాట్సాప్ వాక్యాలు. దయచేసి ఆపేయండి. మీరు ప్రేమతోనే పంపుతున్నారు, నాకు తెలుసు. కానీ సామెతలు 25:20 మన గురించే రాసి ఉంది: దుఃఖంలో ఉన్నవాడికి పాటలు వినిపించడం చలిరోజున పైబట్ట తీసేయడంతో, సురేకారం మీద చిరక పోయడంతో సమానమట. ఇక్కడ సురేకారం అంటే చాకలి సోడా లాంటి క్షారం, చిరక అంటే పులిసిన ద్రాక్షారసం. ఆ క్షారం మీద పులుపు పడితే బుసబుసా పొంగుతుంది. రోజూ పొద్దున ఆమె ఫోన్‌లో జరుగుతున్నది అదే కావచ్చు. ముఖ్యంగా రోమా 8:28. సమస్తమూ సమకూడి మేలుకొరకే అన్న వాక్యం నిజమే, నేను దాన్ని పట్టుకునే బతుకుతున్నాను. కానీ అది గాయపడిన మనిషి తన వెనకటి రోజులు తలుచుకుని తానే చెప్పుకోవలసిన వాక్యం. పక్కవాళ్ళు ముందుగా చెబితే "నీ మొగుడు పోవడం మంచికే" అన్నట్టు వినబడుతుంది. వాక్యానికి బదులు "అన్నం తిన్నావా, సాయంత్రం రానా" అని పంపండి. దానికి జవాబు వస్తుంది.

యోబు స్నేహితులను మనం ఊరికే తిడతాం గానీ, మొదట వాళ్ళు చేసింది మనలో చాలామంది చేయలేనిది. ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు నేల మీద అతనితో కూర్చున్నారు, ఒక్క మాట మాట్లాడలేదు. నోరు తెరిచాకే చెడిపోయింది. విచిత్రం ఏమిటంటే, వాళ్ళు మాట్లాడినవి విడివిడిగా తీసుకుంటే చాలావరకు మనం ప్రసంగాల్లో చెప్పేవే. దేవుడు నీతిమంతుడు, పాపికి శిక్ష తప్పదు, ఒప్పుకుంటే క్షమిస్తాడు. అయినా ఆఖరి అధ్యాయంలో దేవుడు ఎలీఫజుతో, నీ మీదా నీ ఇద్దరు స్నేహితుల మీదా నా కోపం మండుతోంది, నా సేవకుడైన యోబులాగా మీరు నన్ను గురించి యుక్తమైనది పలకలేదు అన్నాడు. దేవుణ్ణి నిలదీసిన యోబు మాటలు యుక్తమయ్యాయి, దేవుణ్ణి వెనకేసుకొచ్చిన వీళ్ళవి కాకుండా పోయాయి.

కాబట్టి ఆమె "మీ దేవుడే ఉంటే నాకిలా ఎందుకు చేశాడు" అన్నప్పుడు (అంటుంది, ఆ మాట అన్ననాడు మీ మీద నమ్మకం కుదిరిందని అర్థం) దేవుడి తరఫున వకాల్తా పుచ్చుకోకండి. "నాకూ తెలియదక్కా" అనండి. ఏ పాపానికో, ఏ పరీక్షకో అని కారణం మాత్రం చెప్పకండి. సిలోయము గోపురం కూలి 18 మంది చనిపోతే, వాళ్ళు మిగతావాళ్ళకన్నా పాపులనుకుంటున్నారా, కాదు, అని యేసే కొట్టిపారేశాడు.

ఒకసారి ఒక వార్డులో, బిడ్డను పోగొట్టుకున్న తండ్రి దగ్గర కూర్చున్నాను. నేను బైబిలు తీయకముందే "ప్రార్థన చెయ్యకండి సార్" అన్నాడు. సరేనని కూర్చున్నాను. గంట గడిచింది, రెండు గడిచాయి. మధ్యలో నర్సు వచ్చి ఏవో కాగితాల మీద సంతకాలు పెట్టించుకుంది, అతనికి పెన్ను పట్టు దొరక్కపోతే కాగితాన్ని నేను పట్టుకున్నాను. చాలాసేపటికి "మీ పుస్తకంలో నాలాంటోడు ఎవడైనా ఉన్నాడా" అన్నాడు. 88వ కీర్తన తీసి చదివాను. మిగతా విలాప కీర్తనల్లో చాలావాటిలో చివర ఎక్కడో ఒకచోట వెలుగు కనబడుతుంది, ఇందులో అదీ ఉండదు. "చీకటియే నాకు బంధువర్గమాయెను" అన్న మాటతో ఆగిపోతుంది. "ఇది నిజంగా అందులో ఉందా?" అని నా చేతిలోంచి బైబిలు తీసుకుని తనే చదువుకున్నాడు. తర్వాత వారం ఫోన్ చేసింది అతనే.

మరి ఎప్పుడూ మౌనంగానే ఉండాలా అంటే, లేదు. లాజరు చనిపోయినప్పుడు జరిగింది చూడండి. మార్త ఎదురొచ్చి "ప్రభువా, నీవిక్కడ ఉండినయెడల నా సహోదరుడు చావకుండును" అంది. కాసేపటికి మరియ వచ్చి పాదాల మీద పడి అదే మాట అంది. మార్తకు యేసు బోధ చేశాడు: "పునరుత్థానమును జీవమును నేనే" అన్నాడు, ఈ మాట నమ్ముతున్నావా అని అడిగాడు కూడా. మరియకు ఏ బోధా లేదు, ఆమె ఏడుపు చూసి ఆయన కన్నీళ్ళు విడిచాడు. ఒకే ఇల్లు, ఒకే చావు, ఒకే ఫిర్యాదు, రెండు జవాబులు. మీ సహోద్యోగి ఈ రోజు మార్తా, మరియా అన్నది ఆమె ముఖం చూసి మీరే తేల్చుకోవాలి. ఈ రోజు మరియలా ఉన్నావిడ వచ్చే నెల మార్తలా ప్రశ్నలు వేయొచ్చు. అప్పుడు కూడా మీరు ఊరికే తలూపుతూ కూర్చుంటే అది కూడా ఆమెకు అన్యాయమే.

1953లో లండన్‌లో చాద్ వారా అనే ఆంగ్లికన్ గురువు, చావాలనుకునేవాళ్ళ కోసం తన చర్చిలో ఫోను పెట్టి సహాయ కేంద్రం మొదలుపెట్టాడు. సమారిటన్స్ అన్న పేరుతో అది ఇప్పటికీ నడుస్తోంది. తనను కలవడానికి వచ్చినవాళ్ళు బయట వేచి ఉంటే, వాళ్ళకు టీ ఇచ్చి తోడు కూర్చోవడానికి మామూలు మనుషులు కొందరు వచ్చేవాళ్ళు. కొన్నాళ్ళకు ఆయన గమనించిందేమిటంటే, చాలామంది ఆ టీ ఇచ్చినవాళ్ళకే మనసంతా చెప్పుకుని, గురువుగారిని కలవకుండానే తేలికపడి వెళ్ళిపోతున్నారు. 1954లో ఆ పనిని వాళ్ళకే అప్పగించాడు. మతబోధ చేయకూడదని నియమం కూడా పెట్టాడు. మన పని అక్కడితో ఆగదు, మనం యేసు పేరు చెప్పకుండా ఉండలేం. కానీ చెప్పుకోవడానికి ఒక మనిషి దొరకడమే ఎంత పని చేస్తుందో ఆ చర్చిలో తేలింది.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న, బలహీనతను వాడుకోవడం గురించి. వాడుకోవడం ఎక్కడ మొదలవుతుందంటే, బేరంలో. "యేసు దగ్గరకు రా, నీ భర్త తిరిగొస్తాడు. బాప్తిస్మం తీసుకో, అప్పులు తీరిపోతాయి." ఇలా చెప్పి తీసుకొచ్చినవాళ్ళను మన సంఘాల్లో ఎందరినో చూశాను. కొన్ని నెలలు ముందు వరుసలో కూర్చుంటారు. భర్త రాడు, అప్పు తీరదు. అప్పుడు "నీ విశ్వాసం చాలలేదు" అని రెండో దెబ్బ కొడతారు. మొగుడు వదిలేసిన మనిషిని దేవుడు కూడా వదిలేశాడనిపించి పంపిస్తారు. ఆ తర్వాత ఆమెకు సువార్త చెప్పడం మొదటికన్నా పది రెట్లు కష్టం. ప్రభువు అసలు అలాంటి మాట ఇవ్వలేదు. "లోకములో మీకు శ్రమ కలుగును" అని శిష్యులతో ఆఖరి రాత్రే చెప్పేశాడు.

సహాయానికి కూడా ఇదే లెక్క. పదిమంది కుష్ఠరోగులు బాగుపడితే తిరిగొచ్చింది ఒక్కడు. తొమ్మిదిమంది ఏరి అని యేసు అడిగాడు, నొచ్చుకున్నట్టే ఉంది. కానీ వాళ్ళ స్వస్థత వెనక్కి తీసుకోలేదు. ఆమె ఎన్నటికీ చర్చి గడప తొక్కకపోయినా అప్పుల కాగితం రాయడానికి మీరు కూర్చుంటారా? కూర్చుంటాననగలిగితే, మీరు యేసు గురించి నిర్భయంగా మాట్లాడవచ్చు. అది వాడుకోవడం కాదు.

మాట్లాడే రోజు వచ్చినప్పుడు ముందుగా అనుమతి అడగండి: "అక్కా, నేను కష్టంలో దేన్ని పట్టుకున్నానో చెప్పనా? వద్దంటే చెప్పను." వద్దంటే నిజంగానే చెప్పకండి. సరేనంటే చిన్నగా చెప్పండి. దేవుడు మనల్ని దూరం నుంచి చూస్తూ ఊరుకోలేదు, మనిషిగా వచ్చాడు. సొంతవాళ్ళు విడిచిపెట్టి పోవడం ఆయనకూ తెలుసు, పట్టుకున్న రాత్రి శిష్యులందరూ పారిపోయారు. మన పాపం మోసి సిలువ మీద చనిపోయాడు, మూడో రోజు లేచాడు, రమ్మని పిలుస్తున్నాడు. బాధలో ఉన్న మనిషి దగ్గర పాపం ఊసెత్తాలా అని కొందరు అడుగుతారు. ఎత్తాలి, అది లేకపోతే సిలువకు అర్థం లేదు. కాకపోతే "నీ పాపం" అని వేలు చూపించకుండా "మన పాపం" అని చెప్పాలి. "ఈ కష్టం నీ పాపం వల్లే" అన్న మాటకూ దీనికీ పొత్తు లేదని ఆమెకు స్పష్టంగా అర్థం కావాలి. మత్తయి 11:28 చదవండి, "ప్రయాసపడి భారము మోసికొనుచున్న సమస్త జనులారా, నాయొద్దకు రండి." అక్కడితో ఆపండి. ఆ రోజుకు అది చాలు.

ప్రార్థన చేస్తానంటే మీరు పొడుగాటి ప్రార్థన చెప్పించకండి. సిలువ మీద దొంగ "నన్ను జ్ఞాపకము చేసికొనుము" అన్నాడు. సుంకరి "దేవా, పాపినైన నన్ను కరుణించుము" అన్నాడు. ఆమె తన మాటల్లో, తన యాసలో, ఏడుస్తూనో కోపంగానో ఏం చెప్పుకున్నా అది చేరుతుంది.

ఇక మీ భయం. దేవుడు లెక్క అడుగుతాడేమో అన్నప్పుడు మీ మనసులో ఉన్నది యెహెజ్కేలు 33లో, బూర ఊది హెచ్చరించని కావలివాణ్ణి పోయిన ప్రాణానికి లెక్క అడుగుతానన్న మాటే అయ్యుంటుంది, మన ప్రసంగాల్లో దాన్ని బాగా వాడతారు. అక్కడ కావలివాడు బూర ఊదేది కత్తి వస్తోందని తెలియని ఊరికి. ఈమెకు కత్తి ముందే తగిలింది, రక్తం కారుతోంది. ఆమె దగ్గర బూర ఊదడం మీ బాధ్యత కాదు. పౌలు నాటాడు, అపొల్లో నీళ్ళు పోశాడు, వృద్ధి చేసింది దేవుడే అని ఉంది కదా. మీకొచ్చిన వంతు ఏదో అది చేయండి. ఎదుగుదల మీ చేతిలో లేదని ఒప్పుకుంటే మీ మాటల్లో ఆ తొందర పోతుంది. ఎదుటివాళ్ళు ముందు గమనించేది ఆ తొందరనే.

ఒంటరిగా మోయకండి. ఆమె అనుమతి తీసుకుని, నోరు జారని ఒక పెద్ద సహోదరిని మీతో కలుపుకోండి. సంఘంలో ప్రార్థన మనవి ఇచ్చేటప్పుడు పేరు, ఆఫీసు, అప్పు సంగతులు ఏవీ బయటపెట్టకండి, "ఒక సహోదరి" అంటే దేవుడికి అర్థమవుతుంది. ఆమె ఎప్పుడైనా మీతో చర్చికి వస్తే మొదటి ఆదివారమే మైకు ఇచ్చి సాక్ష్యం చెప్పించడం, ఫొటో తీసి గ్రూపులో పెట్టడం మీ పాస్టరుగారికి అలవాటైతే ఆయనతో ముందే మాట్లాడి వద్దనండి. బాప్తిస్మం విషయంలోనూ తొందర పెట్టొద్దు. చెరసాల నాయకుడు ఆ రాత్రే తీసుకున్నాడని ఎవరో ఒకరు అంటారు. అతను తనే అడిగాడు, ఇంటిల్లిపాదీ వాక్యం విన్నారు, తన ఇష్టంతో తీసుకున్నాడు. ఈమె అడిగిన రోజున, నిద్రపట్టి, తిండి తిని, తనేం అడుగుతోందో తెలిసి అడిగిన రోజున, ఒక్క గంట కూడా ఆలస్యం చేయకండి.